ఎనోక్ చక్రంలో మా ఊరు

ఎనోక్ హార్డ్‌కాసిల్‌కి మనిషి కనబడితే చాలు, ఆ మనిషి అణుబాంబుకి ఎన్ని మైళ్ళ దూరంలో ఉన్నాడో చెప్పకపోతే తోచదు. బాంబు ఇంకా పడలేదు. ఆ సంగతి ఆయనకు అడ్డే కాదు.

ఆయన బతుకుతెరువు క్షవరం. యార్క్‌షైర్‌లో మా ఊరికి ఆయనదొక్కటే దుకాణం, పక్కనే రొట్టెల బట్టీ నాది. బాంబు పడితే లెక్కకట్టి పైవాళ్ళకు ఫోను చేసే స్వచ్ఛంద దళంలో ఇద్దరమూ ఉండేవాళ్ళం. వారం వారం గొర్రెల బీడు కింద కట్టిన కాంక్రీటు గదిలోకి నిచ్చెన దిగి, టీ తాగి, పడని బాంబును కొలిచి పైకొచ్చేవాళ్ళం. దళంవాళ్ళిచ్చిన అట్టచక్రం ఒకటుండేది. బాంబు బలమెంతో, దూరమెంతో చూసి తిప్పితే ఏది కూలుతుందో, ఏది కాలుతుందో చెబుతుంది. మేం దాన్ని గదిలోనే వదిలేసి వచ్చేవాళ్ళం. ఎనోక్ జేబులో వేసుకొచ్చేవాడు.

"కదలకండి మాస్టారూ," అనేవాడు, బడిపంతులు గొంతు మీద కత్తి పెట్టి. "బాంబు పడేది విమానాల స్థావరం మీదే, మీ ఇల్లు దానికి నాలుగు మైళ్ళు. మెగాటన్ను బాంబైతే గోడలుండవు."

"గడ్డం గియ్యవయ్యా బాబూ!"

"అదే ఎనిమిది మెగాటన్నులనుకోండి, ఆ దెబ్బ ఎనిమిది మైళ్ళదాకా పోతుంది. బాంబు ఎనిమిదింతలు, దూరం రెండింతలే! ఎంత నయం!"

"నాకేం నయం? నేను నాలుగో మైల్లోనే ఉన్నానుగా!"

పంతులుగారు సగం గడ్డంతో బడికెళ్ళిన రోజులున్నాయి.

పంటల పండుగ విందులో అయితే, బల్ల మధ్యన ఊరవేసిన ఉల్లిపాయ పెట్టి అదే బాంబన్నాడు. "పాస్టరుగారూ, మీ పళ్ళెం దగ్గర చొక్కాలంటుకుంటాయి. ఆ చివర అమ్మగారికి ఒళ్ళు ఎర్రబడుతుంది, అంతే." పాస్టరుగారు బాంబు తీసి నోట్లో వేసుకున్నారు.

అరవై రెండు అక్టోబరులో క్యూబాలో రష్యా క్షిపణుల గొడవ వచ్చింది, ఇవాళో రేపో అణుయుద్ధమన్నారు. ఊరంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. రేడియో పెడితే భయం, కట్టేస్తే ఇంకా భయం. విమానాలు మా కప్పుల మీదుగానే లేచేవి. మా వీధిలో ఎల్సీ మెట్కాఫ్ నిండు చూలాలు, మొగుడు చేపల ఓడ మీద ఎక్కడో ఉన్నాడు. ఆ పిల్ల మెట్ల కింది అరలోకి దూరి తలుపు బిగించుకుంది. తిండి లేదు. పురుడు పోసే నర్సు వస్తే తలుపు తీయలేదు. లోపల ఆ పిల్లకీ కడుపులో బిడ్డకీ ఏమవుతుందోనని నా భయం. వేడి రొట్టె పట్టుకుని బతిమాలుతున్నాను. అంతలో ఎనోక్ వచ్చాడు, చేతిలో చక్రంతో.

"నీకు దణ్ణం పెడతాను, అది పట్టుకుని లోపలికి రాకు," అన్నాను.

ఆయన నన్ను పక్కకి నెట్టి తలుపు ముందు చతికిలబడ్డాడు. "అమ్మాయ్ ఎల్సీ! చక్రం తెచ్చాను. ఉన్నమాట చెప్పమంటావా?"

లోపల్నుంచి, "చెప్పు," అని వినిపించింది.

గరగరా తిప్పాడు. "పద్నాలుగు మైళ్ళు. ఒకటీ అరా కిటికీ అద్దం పగులుతుంది. ఆ ఇరుకులో కూర్చుంటే మాత్రం నీ నడుం పట్టేస్తుంది."

"నిజంగా పద్నాలుగేనా?"

"ఈ ఊళ్ళో నా దూరం తప్పని ఎవడైనా అన్నాడా?"

అనలేదు. ఆయన మీద ఊరికున్న కోపమంతా అదే. తలుపు తెరుచుకుంది. ఎల్సీ నా చేతిలో రొట్టె లాక్కుని నిలబడే తింది. నేను నర్సును పిలిచి లోపలికి పంపాను.

బయటికి రాగానే ఆయన చొక్కా పట్టుకున్నాను. "స్థావరం ఇక్కడికి నాలుగు మైళ్ళు కదయ్యా! పద్నాలుగంటావా? గాలికి కొట్టుకొచ్చే విషపు బూడిద మాటే ఎత్తలేదు!"

"నాలుగు కాదు," అన్నాడు ఎనోక్ చిన్నబుచ్చుకుని. "మూడున్నర."

నాకు నవ్వొచ్చింది. ఇంతలో పైన ఇంకో విమానం గర్జించుకుంటూ పోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఎనోక్, మరి నా బట్టీ?"

ఆయన నా మొహంలోకి చూశాడు. చేతిలో చక్రాన్ని తిప్పకుండానే జేబులో పెట్టేసుకున్నాడు.

"నీదా వాల్టర్? పదహారు. రొట్టె కూడా మాడదు."