చెంబు మెడకు రబ్బరు బ్యాండు

మా ఫిజిక్స్ సారు పోయారు. పొద్దున చాయ్ పెట్టుకుంటుంటే లక్సెట్టిపేట నుంచి చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "సారు ఇగ లేడే. నిద్రలనే పోయిండట. గుండె ఆగిందంటున్నరు" అంది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. గుడ్డ పెట్టి తుడుస్తూ నేను మొదట అనుకున్నది ఆయన గురించి కాదు. నా వల్లేనా అని.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మన గోడు చెప్పుకోకూడదంటారు. నాకు చెప్పుకోక తప్పేట్టు లేదు. అయినా ముందు ఆయన గురించే చెబుతాను.

ఆయన ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవారు. కనపడిన ప్రతిదాన్నీ వేలితో ఒకసారి తట్టి చూడటం ఆయన అలవాటు. టేబుల్ మీది చాయ్ గ్లాసు, గోడకు ఆనించిన సైకిలు, బోర్డు మీద మేం రాసిన జవాబు, దేన్నీ వదిలేవారు కాదు. "నిల్సున్నదా అని కాదు బిడ్డా, జర తట్టినంక మల్ల ఉన్నకాడికే వస్తదా అని చూడాలె" అనేవారు. ఆయన తడితే సైకిలు మాత్రం ఎప్పుడూ పడిపోయేది. అది ఆయన సైకిలే.

ఒకరోజు సిలబస్ పక్కన పెట్టేసి కొత్త సంగతి ఎత్తుకున్నారు. మనకు తెలిసినవి పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు డైమెన్షన్లే. ఇంకొకటి కూడా ఉండొచ్చట, ప్రతిచోటా, కంటికి ఆననంత చిన్న ఉంగరంలా చుట్టుకొని. అలా ఉందనుకుంటే గురుత్వాకర్షణ, విద్యుత్తు రెండూ ఒకే లెక్కలోంచి వస్తాయట. చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. వెనక బెంచీవాళ్లు కూడా ముందుకు వంగారు.

"మరి గా ఉంగరం గంత చిన్నగ ఎట్ల ఉంటది? ఎందుకు మూసుకపోదు, ఎందుకు పెద్దగ కాదు?" అని ఆయనే అడిగి, జేబులోంచి రబ్బరు బ్యాండు తీశారు. ఆటల గది నుంచి బంతి తెప్పించి దాని నడుముకు తొడిగారు. కాసేపు నిలబడింది. వేలితో తట్టగానే జారి, మొదటి బెంచీ మీదికి ఎగిరింది. తర్వాత తాను నీళ్లు తాగే రాగి చెంబు మెడకు తొడిగారు. దాన్ని పైకి జరిపినా కిందికి జరిపినా తిరిగి మెడ దగ్గరికే వచ్చింది. "బ్యాండుది తప్పేం లేదు. దానికి మెడ దొర్కాలె. గా ఉంగరానికి మెడ ఏందో ఎవలికీ తెల్వది" అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకొని నేను హైదరాబాద్ పోయి, దాని మీదే పరిశోధన చేశాను. ఇప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. సారు మాత్రం ఆ మెడను వదల్లేదు. రిటైరయ్యాక బల్ల ముందు కూర్చొని తనే వెతకడం మొదలుపెట్టారు. ఇంటికి పోయినప్పుడల్లా వాళ్లావిడ, మేమంతా అమ్మా అనే పిలుస్తాం, నాకు ఫిర్యాదు చేసేది. "మీ సారుకు కనపడని లోకం దొర్కింది గని, కండ్లముంగట ఉప్పు డబ్బ దొరుకది" అనేది. ఆయన పకపకా నవ్వేవారు.

సారు వాళ్ల నాన్న బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేశారు. బొగ్గు తీసిన ఖాళీ కూలిపోకుండా అందులో ఇసుక నింపుతారు. సారు ఆలోచన అక్కడే పుట్టింది. "గట్లనే గా ఉంగరంల ఏదో నిండి ఉంటది బిడ్డా. అందుకే మూసుకపోదు" అనేవారు. ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, మొన్న ఎండాకాలం ఆ కాగితాల ఫొటోలు నాకు పంపించారు. కింద ఒకే మాట రాశారు, తట్టి చూడు అని.

తట్టి చూశాను. ఆయన నింపింది ఉంగరాన్ని మూసుకుపోకుండా ఆపుతుంది, నిజమే. కానీ పెద్దదవకుండా ఆపేదేదీ అందులో లేదు. బాయిలో ఇసుక మీద నేల బరువుంటుంది, ఇక్కడ పైనుంచి అదిమేది లేదు. కొంచెం కదిపితే చాలు, ఆ ఉంగరం పెరుగుతూనే పోతుంది. అంత పెద్దదయ్యాక అది మన కంటపడకుండా ఉండదు, అంటే లెక్క నిలబడదు. మధ్యాహ్నం అన్నం తిని, స్టాఫ్‌రూమ్‌లోంచే ఫోన్ చేశాను.

"సార్, మూసుకపోదు గని, ఆగది సార్. జర నూకితే పెరుగుకుంటనే పోతది."

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"మంచిగ పట్టినవ్ బిడ్డా. ఇంకేమన్న ఆసర దొర్కుతదా?"

"ఇందుల లేదు సార్."

"సరే తియ్. నువ్వు తిన్నవా?"

తిన్నానని చెప్పాను. తప్పు పట్టుకున్నానని నా గొంతులో గర్వం కూడా ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. బెల్లు కొడితే క్లాసుకు పోయాను. మళ్లీ ఫోన్ చేయలేదు. ఆయనే కొత్త లెక్కేదో మొదలుపెట్టి ఉంటారనుకున్నాను.

దినాలకు లక్సెట్టిపేట పోయాను. చుట్టాలు భోజనాల దగ్గరుంటే అమ్మ నన్ను వాకిట్లో తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు ఫోన్ జేసినంక గా బల్లకాడ కూసోలే బిడ్డా. పొద్దంత గీడ్నే కుర్చేసుకొని రోడ్డు దిక్కు చూస్తుండె. ఏందయ్యా అంటే, నా లెక్క పడిపోయిందే అన్నడు. నీ మీద కోపం లేకుండె. నా దగ్గర సదివిన పిల్లనే పట్టిందని అందరికి చెప్పిండు."

చెంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్కటి అడుగుత. నువ్వు జెప్పకుంటే ఏమన్న అయితుండెనా?"

ఏమీ అయ్యేది కాదు. ఆ ఉంగరం ఉంటే ఉన్నట్టే ఉండేది. సారు బల్ల ముందు కూర్చొని ఉండేవారు. లెక్క తప్పితే గుండె ఆగదని నాకూ తెలుసు. అయినా ఆ మాట పక్కన పెట్టి అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

అబద్ధం చెప్పాల్సిందని ఇప్పటికీ అనుకోను. అలా చెబితే ముందు ఆయనే నన్ను తిట్టేవారు. కానీ బస్సెక్కి పోయి పక్కన కూర్చొని చెప్పి ఉండకూడదా? ఆసర దొర్కుతదా అని ఆయన అడిగినప్పుడు, వెతుకుదాం సార్ అని ఉండకూడదా? అది అబద్ధం కూడా కాదు. నాకన్నా ఎంతో పెద్దవాళ్లు ఇప్పటికీ అదే వెతుకుతున్నారు. కాగితాలను తడుతూ నేను మనిషినీ తట్టాను. ఆయన మళ్లీ నిలబడ్డారో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

అమ్మ లేచింది. "లే బిడ్డా, చేతులు కడుక్కొని తిందువు" అంటూ నీళ్లు తెచ్చింది. అదే రాగి చెంబు. మెడకు రబ్బరు బ్యాండు ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించింది.

"తోమినప్పుడల్ల తీస్త, మల్ల తొడుగుత. మీ సారు పెట్టుకున్నది గద."

చెంబు వంచింది. బ్యాండు ఎప్పుడో సాగి వదులైపోయింది. చెంబు వంగగానే అంచు వైపు జారి అక్కడే ఉండిపోయింది, దానంతటది వెనక్కి రాలేదు. అమ్మ దానివైపు చూడను కూడా చూడకుండా బొటనవేలితో మెడ దగ్గరికి జరిపి, అలాగే అదిమి పట్టుకొని నీళ్లు పోసింది. నేను దోసిలి పట్టాను.