సంచి పెట్టిన సీటు

1984 మార్చి 12, సోమవారం. కొత్తగూడెం నుంచి భద్రాచలం బస్సు. నా దగ్గరగా ఉన్నవారు: కండక్టరు, ముందు సీట్లో ఇద్దరు గని కార్మికులు, కాలికి కట్టు కట్టుకున్న ఒక కోయ వృద్ధుడు.

ప్రయాణికుల నడవడి మీద పరిశోధన చేస్తున్న రోజులవి. పక్క సీట్లో నా సంచి పెట్టి, దాన్ని తీయమని ఎవరు అడుగుతారో, ఎవరు అడగరో గమనించేవాణ్ణి. నా అంతట నేను తీయకూడదన్నది నియమం. మిగతా సీట్లన్నీ నిండాయి. వృద్ధుడు అడగలేదు. కడ్డీ పట్టుకుని, బాగున్న కాలి మీదే బరువు మోపి నిలబడ్డాడు.

"సారూ, సంచికి గూడ టికెట్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టరు వెటకారంగా.

నేను జవాబు చెప్పేలోపే వృద్ధుడు అందుకున్నాడు. "పోనియ్ బిడ్డా. సారు ఎవరికోసమో ఆపిండు. నడుమ ఎక్కుతరేమో."

నేను సంచి కదపలేదు. పాల్వంచ దాటాం, అడవి దాటాం. గోదావరి వంతెన దాటేవరకు ఆయన నిలబడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున భద్రాచలం బస్టాండులో, వాచిన కాలు బల్ల మీద చాపుకుని కనిపించాడు. చూడనట్టు వెళ్లిపోబోయాను. ఆయనే పిలిచాడు.

"సారూ, మీ మనిషి వచ్చిండా?"

"వచ్చాడు" అన్నాను.

"మంచిగైంది. రాత్రంత నాకు గదే రంది" అంటూ, ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి కిందికి దించుకుని, బల్ల మీద నాకు చోటిచ్చాడు.