రూతమ్మ గారి పిడికిలి బియ్యం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని నేను ఆటపట్టించేదాన్ని. పుట్టి పెరిగింది నెల్లిమర్లలో, బడిలో సైన్సు పాఠాలు చెబుతాను. ఎవరికైనా ఏదో కనిపించిందంటే, ముందు కళ్ళు చూపించుకోండి అనేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది ఇంకొకరు చెప్పి ఉంటే వాళ్ళనీ అలాగే అనేదాన్ని.

మా చర్చి ఆడవాళ్ళకి ఒక అలవాటు ఉంది. వంటకి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికిలి తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడిది. ఆదివారం మూట కట్టి తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక మా అమ్మ ఆ మూటలు విప్పి డ్రమ్ములో పోస్తుంది. ఆ బియ్యం ఇల్లు గడవని వాళ్ళకి వెళ్తుంది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా చర్చి నుంచి కొందరం మలేషియా వెళ్ళాం. మన వైపు నుంచి పూర్వం ఓడెక్కి అక్కడి తోటల్లో పనికి వెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ పిల్లల బడులకీ చర్చిలకీ ఇళ్ళకీ వెళ్ళడం, పాటలు నేర్పడం, మంచాన పడ్డవాళ్ళ కోసం ప్రార్థన చేయడం మా పని. పేరు సేవ. నాకు మాత్రం విమానం ఎక్కాలన్న మోజే ఎక్కువ.

ఒక రోజు నేనూ పాస్టరమ్మ గారూ పామాయిల్ తోట పక్కన ఉన్న చిన్న ఇంటికి వెళ్ళాం. రూతమ్మ అనే ముసలావిడ, ఆవిడ మనవరాలు ఉంటున్నారు. ఆవిడ పుట్టింది అక్కడే, మన దేశం ఎన్నడూ చూడలేదు. నోరు విప్పితే మాత్రం అచ్చం మా నాయనమ్మ. మాది నెల్లిమర్ల అనగానే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చింది.

“మాయమ్మ మీ ఊరి గుడిలోనే బాప్తిస్మం పుచ్చుకుంది. పోతా పోతా, ఒక్క పిడికిలైనా మన గుడికి ముట్టాల అంది. ఇన్నాళ్ళూ అటేపోళ్ళు ఎవులూ రానేదు. నువ్వే అట్టుకెల్లాల. నీ సేత్తో బల్ల మీద ఎట్టి, సూరమ్మ అని అమ్మ పేరు సెప్పాల” అంది.

తప్పకుండా అన్నాను. ఆ మూట అక్కడి ఆడవాళ్ళు కట్టే సారంగ్ ముక్క. నీలం మీద పెద్ద ఎర్ర మందారాలు, ఒక మూల చిరిగితే తెల్ల దారంతో కుట్టిన అతుకు. బియ్యంలో పురుగు కూడా ఉంది.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో నా పెట్టె బరువు ఎక్కువైంది. ఏదో ఒకటి తీసేయమన్నారు. చాక్లెట్లు, బంధువులకి కొన్న బట్టలు, ఈ మూట. నేను మూట తీశాను. బియ్యం పట్టుకెళ్ళనివ్వరేమో అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ ఎవరినీ అడగలేదు. మావాళ్ళంతా ముందు వరసలో ఉన్నారు. నేను బాత్‌రూముకి వెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, మూటని చెత్తడబ్బాలో వేసి మూత పెట్టేశాను. ఇంటికొచ్చి చాక్లెట్లు పంచాను.

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ మూటలు విప్పుతోంది. “ఒసే, ఇదెవుల మూటే? ఇలాటి గుడ్డ మనూళ్ళో నేదు” అంది.

నీలం మీద ఎర్ర మందారాలు. మూల తెల్ల దారం అతుకు. లోపల అదే పురుగు బియ్యం.

పాస్టరు గారు అందరినీ అడిగారు, పేరు చెబితే ప్రార్థన చేస్తాను అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూరమ్మ అన్న ఒక్క మాట నా నోటి దాకా వచ్చింది. ఆ మాట అంటే, నీకెలా తెలుసు అని అడుగుతారు. తల దించుకుని కూర్చున్నాను. అమ్మ ఆ బియ్యాన్ని డ్రమ్ములో కలిపేసింది. గుడ్డ మాత్రం నేను అడిగి తెచ్చుకున్నాను.

తర్వాత నాకు తోచిన దారులన్నీ వెతికాను. రూతమ్మ గారు ఇంకెవరికైనా మూట ఇచ్చారా అని పాస్టరమ్మ గారిని డొంకతిరుగుడుగా అడిగాను. “నీకే కదమ్మా ఇచ్చింది, జాగ్రత్తగా తెచ్చావు కదా?” అన్నారు. ఆ ఆదివారం ఆవిడ పుట్టింట్లో, నరసన్నపేటలో ఉన్నారు. బల్ల మీద ఆ మూట కనబడిన సంగతే ఆవిడకి తెలీదు. ఇంతకు మించి విచారించాలంటే ముందు నేను చేసింది చెప్పాలి. అది నావల్ల కాలేదు.

ఈమధ్య రూతమ్మ గారు మనవరాలి ఫోన్లోంచి మాట్లాడారు.

“బియ్యం ముట్టిందేటమ్మా?”

“ముట్టింది” అన్నాను.

“నీ సేత్తోనే ఎట్టినావా? అమ్మ పేరు సెప్పినావా?”

“ఆ” అన్నాను. ఆవిడ అటు పక్క ఏడుస్తూ నన్ను దీవించింది. పిల్లాపాపలతో సల్లగుండు తల్లీ అంది.

ఆ గుడ్డ నా బీరువాలో ఉంది. దాన్ని చూస్తే భయం వేయదు, సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. రోజూ పిడికిలి తీసేటప్పుడు సూరమ్మ అంటాను, పక్కనున్న అమ్మకి వినపడకుండా. ఆ మూట సముద్రం దాటి మా చర్చి బల్ల మీదికి ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను తేలేదని మాత్రం తెలుసు.