ముక్కాలు చుట్టు స్టీరింగు

మార్కాపురంలో ఉమామహేశ్వర్లు కంప్యూటరు దుకాణానికి మంచి పేరే ఉంది. అమ్మిన వస్తువు బాగాలేదంటే గొణక్కుండా మార్చి ఇస్తాడు. వాళ్ళ నాయన అదే గదిలో రాతిపలకలు అమ్మేవాడు. ఉమామహేశ్వర్లు కీబోర్డులు, మౌసులు, ప్రింటరు ఇంకు అమ్ముతాడు. కుర్రకారు కోసం ఆటల సామాను కూడా కొంత తెచ్చి పెట్టుకున్నాడు. మాట మెత్తన. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. ఎదుటివాడికి లేదు, కాదు అని చెప్పలేకపోవడం అతని మంచితనమని ఊళ్ళో అనుకుంటారు. భార్య కన్యకాపరమేశ్వరి మాత్రం అలా అనుకోదు.

తల్లి సుబ్బలక్ష్మమ్మ పోయాక పెద్దకర్మ అయ్యేదాకా దుకాణం మూసే ఉంచాడు. మళ్ళీ తెరిచిన రోజు పొద్దున్నే గడప కడిగి పసుపు రాసి, తల్లి పటానికి దండ వేసి, అగరువత్తులు వెలిగించి కూర్చున్నాడు. మైల తీరాక పడే మొదటి బోణీ అది. ఆ బేరాన్ని తిప్పి పంపితే ఏడాదంతా గల్లాపెట్టె బోసిపోతుందని వాళ్ళ ఇళ్ళలో గట్టి నమ్మకం. వచ్చినవాడు ఎవరైనా సరే, ఏదో ఒకటి చేతిలో పెట్టే పంపాలి.

ఆ పొద్దున వచ్చినవాడు దొనకొండ చెంచయ్య. గొర్రెలు మేపే ఇంట పుట్టినా మేత తమ్ముళ్ళకు వదిలేసి, సొంతంగా ఒక మినీ లారీ కొనుక్కుని, ఆ గొర్రెల్నే సంతలకు తోలేవాడు. అంతకుముందు ఒకటి రెండుసార్లు ఫోను ఛార్జర్ల కోసం దుకాణానికి వచ్చిన ముఖపరిచయం.

"శెట్టిగారూ, ఆటలాడే స్టీరింగు ఉందంటనే మీ కాడ?"

"ఉంది చెంచన్నా. ఎవరికి, పిల్లోళ్ళకా?"

"నాకే. నవ్వబాకండి. గడ్డం నెరిసినాక బొమ్మలాట మొదలుపెట్టినా."

ముందు తనే నవ్వి, తర్వాత కుడి మణికట్టు చూపించాడు. నిరుడు గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్ మలుపులో అతని లారీ బోల్తాపడింది. వెనక ఉన్న గొర్రెలు చాలావరకు చచ్చిపోయాయి. చెయ్యి విరిగింది.

"ఎముక అతుక్కుందంటాడు డాక్టరు. బండెక్కి కూచుంటే మాత్రం ఈ చెయ్యి నాది కాదనిపిస్తాది. వణుకు. మా కూతురు పోలమ్మ చెప్పింది, కంప్యూటర్లో లారీ ఆట ఉందంట, కొండదావ, మలుపులు అన్నీ ఉంటాయంట. ఇంట్లో తిప్పి చూసుకుంటా. చెయ్యి మాట వింటే బండి ఉంచుకుంటా. వినలేదా, కురిచేడు ఆయన ఒకాయన అడగతా ఉండాడు, ఇచ్చేస్తా."

ఉమామహేశ్వర్లుకు సంగతి అర్థమైంది. చెంచయ్యకు ఏ చక్రం కావాలో కూడా తెలుసు. అది దుకాణంలో లేదు.

ఉన్నది పిల్లలు కారు పందేల ఆటకు కొనుక్కునే రకం. ఈ కొస నుంచి ఆ కొసకు ముక్కాలు చుట్టే తిరుగుతుంది. లోపల రబ్బరు లాగుడు ఉంటుంది, వదిలితే టక్కున మధ్యకు వచ్చి నిలబడుతుంది. కాస్త కదిపితే చాలు, తెర మీద బండి అమాంతం పక్కకు పడుతుంది. రెండో రకంలో మోటారు ఉంటుంది. అది నిజం స్టీరింగులాగా చుట్ల మీద చుట్లు తిరుగుతుంది. గుంత వస్తే గుంత, బరువు వస్తే బరువు, చేతికి తెలుస్తుంది. దాన్ని విజయవాడ నుంచి తెప్పించాలి. వారం పడుతుంది.

"బండి తిప్పినట్టే ఉంటాదా శెట్టిగారూ? నాకు అదొక్కటే కావాల."

"అన్నా, ఇంకో రకం..." అని మొదలుపెట్టాడు ఉమామహేశ్వర్లు. చెంచయ్య చొక్కా జేబులో పెట్టబోయిన చెయ్యి ఆపి చూశాడు. ఇప్పుడు కాదంటే మనిషి ఉత్త చేతులతో గడప దిగిపోతాడు. పటం ముందు అగరువత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

"అట్లనే ఉంటాది. తీసుకపో" అన్నాడు. చెంచయ్య ఇచ్చిన నోట్లు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు.

ఆ మధ్యాహ్నమే విజయవాడకు ఫోను చేసి మోటారు చక్రం ఒకటి పంపమన్నాడు. చెంచయ్య వారం పది రోజుల్లో తిరిగివచ్చి కొట్లాడతాడు, అప్పుడు మార్చి ఇవ్వచ్చు అనుకున్నాడు. అతని వ్యాపారమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. వస్తువు నచ్చనివాడు ఎలాగూ వస్తాడు. వారం గడిచి కొత్త డబ్బా వచ్చింది గానీ చెంచయ్య రాలేదు. ఆ మోటారు చక్రం దుకాణంలో బల్లకింద డబ్బాలోనే ఉండిపోయింది. ఇంకొన్నాళ్ళు చూశాడు.

భోజనాల దగ్గర ఒకరోజు భార్యతో ఆ మాట చెప్పాడు.

"కొట్లాడేవాళ్ళకు మార్చిస్తారు సరే, కొట్లాడనోళ్ళ గతేంది?" అంది కన్యకాపరమేశ్వరి, అన్నం వడ్డిస్తూనే. "ఆయన మీ సరుకునే అనుమానిస్తాడని ఎట్లనుకున్నారు? చెయ్యి విరిగిన మనిషి."

ఆ సాయంత్రమే డబ్బా స్కూటరు మీద పెట్టుకుని దొనకొండ వెళ్ళాడు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో లారీ నిలిపే చోట నేల మీద నూనె మరకలు మాత్రమే ఉన్నాయి. చెంచయ్య కూతురు పోలమ్మ బయటికి వచ్చింది.

"నాయన ఉండాడా అమ్మా?"

"ఉండాడు మామా. ఇప్పుడు యాడికి పోతాడు?"

చెంచయ్య మంచం మీద నుంచి లేచి ఎదురొచ్చాడు. "రాండి శెట్టిగారూ, మీకు పుణ్యముంటాది! మీ స్టీరింగు లేకుంటే నాకు తెలిసేదే కాదు. తొలి మలుపులోనే లోయలో పడినా. మెల్లగా తిప్పినా పడినా. చెయ్యి పోయింది, అంతే. బండి పోయిన శుక్రవారం కురిచేడుకు ఇచ్చేసినా. మళ్ళా ఏ పాపానికి ఒడిగడదునో, తప్పిచ్చినారు."

ఆ దీవెన పుచ్చుకుని మంచినీళ్ళు తాగి తిరిగిపోవచ్చు. ఒక్క క్షణం అదే మేలనిపించింది కూడా.

"డబ్బాలో ఏంది మామా?" అంది పోలమ్మ.

అప్పుడు చెప్పాడు. చెయ్యి కాదు, చక్రమే తప్పని చెప్పాడు. ఆ పొద్దున తనకు తెలిసే ఇచ్చానని కూడా చెప్పాడు. పోలమ్మే డబ్బా విప్పి, చక్రాన్ని కంప్యూటరు బల్లకు బిగించి, వైర్లు కలిపింది.

చెంచయ్య కూర్చున్నాడు. మొదటి మలుపుకు భుజాలు బిగించాడు. చక్రం బరువుగా తిరిగింది, చుట్టు దాటి ఇంకో చుట్టు తిరిగింది. చేతులు ఒకదాని మీదుగా ఒకటి వాటంతటవే మారాయి. లారీ కొండను ఆనుకుని మలుపు తీసుకుంది. తర్వాతిది, ఆ తర్వాతిది కూడా. మణికట్టు వణకలేదు.

"నాయనా, పడలే!" అని అరిచి, ఆ అరుపు మధ్యలోనే పోలమ్మ ఆగిపోయింది. ఉమామహేశ్వర్లు వైపు తిరిగింది. "ఆ పొద్దు ఈ ముక్క చెప్పింటే మా నాయన వారం ఆగేటోడు గదా మామా."

"రేపే కురిచేడు పోతా అన్నా. నేనడుగుతా ఆయన్ని" అన్నాడు ఉమామహేశ్వర్లు.

"ఏమని అడుగుతారు? ఆయన పూజ చేపిచ్చి కిరాయిలకు తిప్పుకుంటా ఉండాడు. ఆయనకదే పొట్టకూడు అయిపాయె." చెంచయ్య తెర వైపే చూస్తున్నాడు. లారీ మలుపులో ఆగి ఉంది. "చెయ్యి పోయిందనుకుంటే ఒక తీరుగా ఉండింది. నిన్న తమ్మునితో గొర్రెల వెంట గూడా పోయొచ్చినా. ఎందుకు తెచ్చినారు ఇది?"

"ఇది నీకే అన్నా. డబ్బులేం వద్దు."

"వద్దు. ఇంట్లో ఉంటే రోజూ తిప్పబుద్ధి అవుతాది."

చెంచయ్యే బిగింపులు విప్పి, వైరు చుట్టి, చక్రాన్ని డబ్బాలో పెట్టాడు. గొర్రెల తాడు తెచ్చి స్కూటరు వెనక కట్టి, డబ్బా జారుతుందేమోనని ముడిని లాగి చూశాడు. ఒక్క తిట్టు తిడతాడేమోనని ఉమామహేశ్వర్లు అక్కడే నిలబడ్డాడు.

"చీకటి పడకముందే పోండి శెట్టిగారూ. దావలో గుంతలుండాయి" అని చెంచయ్య లోపలికి వెళ్ళిపోయాడు.