వెన్నెల పాట సారు

మా ఇంగ్లిష్ సారు పోయిన సంగతి కాగజ్‌నగర్ నుంచి నాతో చదువుకున్న మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి, ఏడ్చి, వెంటనే అడిగాడు: "పదో దినం నాడు గా వెన్నెల పాట నువ్వే అందుకోవాలెరా." సారు పోయినా ఆ పాట ఆయన్ని వదలదా అని నాకు ఒళ్లు మండింది.

ఆ పాట ఒక ఫ్రెంచి కవిది. సారు ఇంగ్లిష్‌లో చదివి, తెలుగు చేసి, బాణీ కట్టారు. కవి పేరు మాకు నోరు తిరగక ఫ్రెంచాయన అనేవాళ్లం. కుర్రతనంలో రాసిన ఆ ప్రేమపాటను దేశమంతా పాడుకున్నారట. తర్వాత ముసలివాడయ్యేదాకా ఎన్ని రాసినా, ఎక్కడికెళ్లినా అదే అడిగారట. చనిపోతే పత్రికలు కూడా దాన్నే అచ్చువేశాయట.

సారు గతీ అంతే. పెళ్లయినా, పదవీ విరమణ సభయినా, మా ఊరి పేపరు మిల్లు మూతపడి ఊరు బోసిపోయిన రోజుల్లో పెట్టిన మీటింగయినా, "సారూ, వెన్నెల పాట" అనేవారు. ఆయన కళ్లు మూసుకుని పాడేసి, దిగివచ్చి నా చెవిలో అనేవారు: "ఆయనను పారిస్‌ల పట్టిన్రు, నన్ను గీడ పట్టిన్రు. ఇద్దరికీ బెయిల్ లేదురా." నవ్వేవారు కానీ, మళ్లీ స్టేజీ వైపు చూసేవారు కాదు.

సారుకు ప్రాణం మాత్రం ఫ్రెంచాయన ముసలితనంలో రాసిన పాట; దాన్నీ తెలుగు చేసి నాకు నేర్పారు. చలికి కిటికీ మూసుకున్న కవి, అద్దానికి కొట్టుకుంటున్న ఈగతో మాట్లాడతాడు: 'తీస్తే నాకు చలి, మూస్తే నీకు చెర.' ఒక టీచర్స్ డే నాడు సారు దాన్ని ఎత్తుకుంటే జనం రెండో చరణం దాకా రానివ్వలేదు, వెన్నెల పాటే కావాలన్నారు. "ఒక్కసారన్న పూర్తిగ వినరారా?" అని నన్నడిగారు, నేనేదో ఊరికి పెద్దనైనట్టు.

పదో రోజు షామియానా కింద ఫ్లెక్సీలో సారు నల్లజుట్టు ఫోటో, దాని కింద వెన్నెల పాట పల్లవి. నేను మైకు తీసుకుని ఈగ పాటే మొదలుపెట్టాను. మిత్రుడు మోచేయి పట్టుకున్నాడు. "గది కాదురా, జనం ఎదురుచూస్తున్నరు." వెనక ఎవరో వెన్నెల పాట అందుకున్నారు. అందరూ గొంతు కలిపారు. ఇక నా పాట నాకే వినిపించలేదు.

కోపంగా వెళ్లి సారు భార్య పక్కన కూర్చున్నాను. ఆమెను మేం అమ్మ అనే పిలుస్తాం.

"ఎందుకు ఆపినవ్ బిడ్డా?" అన్నది. "గా వెన్నెల పాట ఆయన ఇంట్ల ఒక్కనాడు పాడలే. నేను కూర తరుగుతుంటే గా ఈగ పాటనే పాడుతుండె."

నేను ఆపిన చోటు నుంచి ఆమె అందుకున్నది. మైకులో వెన్నెల మోగుతూనే ఉంది. అమ్మ పెదవులు మాత్రం ఒక్కో చరణం దాటుకుంటూ చివరిదాకా వెళ్లాయి, కిటికీ తీయాలా వద్దా అని ఈగనే అడుగుతూ.