పదిహేను చూపించిన చెయ్యి

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునే మనిషికి తిట్లు కొత్త కాదు. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా కుళాయి రాలేదని తిడతారు, వస్తే మురికిగా వచ్చిందని తిడతారు. అక్కణ్ణుంచి బయటపడి వారానికి మూడు సాయంత్రాలు ఆయన చేసే రెండో పని కూడా తిట్లు తినేదే. ఇండోర్ స్టేడియంలో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీ. వీధిలో పిల్లలందరికీ విజిలు మామయ్య. రెండు చోట్లా చీవాట్లు తిని ఇంటికొచ్చే మనిషి భార్య దగ్గర నోరెత్తేవాడు కాదంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, నడుమ ఒక బంతి, పదేసి నిమిషాల నాలుగు భాగాలు. చూసేవాళ్ళకి బంతి బుట్టలో పడిందా లేదా అన్నదే ఆట. రిఫరీకి అది ఆఖరి సంగతి. బంతి చేతికొచ్చిన జట్టు ఎనిమిది సెకన్లలో సగం గీత దాటిందా, ఇరవై నాలుగు సెకన్లలో బుట్టకేసి విసిరిందా, బంతిని నేలకు కొట్టకుండా ఎవరైనా చేత్తో పట్టుకుని నడిచేశారా, కొట్టడం ఆపి పట్టుకున్నాక మళ్ళీ కొట్టారా, ఎదుటివాళ్ళ బుట్ట కింద రంగు వేసిన చోట మూడు సెకన్లు దాటినా కాపురం పెట్టారా, అన్నీ ఆయనే చూడాలి. మూడు రోజుల పనిని మూడు నెలలకైనా ముట్టుకోని ఆఫీసులోంచి వచ్చి సెకన్లు లెక్కపెట్టడం మొదట్లో ఆయనకు గొప్ప ఊరటగా ఉండేది. ఇప్పుడు అదీ అలసటే.

మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. యాభై దాటిన రిఫరీలకు ఏటా పెట్టే పరుగు పరీక్షలో ఈసారి ఆయన గట్టెక్కాడు గానీ, తర్వాత రెండు రోజులు మెట్లు ఎక్కలేకపోయాడు. మోకాళ్ళ సంగతి అందరికీ తెలుసు. వేలి సంగతి మాత్రం భార్యకూ డాక్టరుకూ తప్ప మరొకరికి తెలియదు. ఎడమచేతి చిటికెన వేలు ఉండుండి అరచేతిలోకి ముడుచుకుపోయి బిగుసుకునేది. కుడిచేత్తో పట్టి లాగితే టక్కున తెరుచుకునేది. చిన్న కోత పెడితే సరిపోతుందని, ఆ తర్వాత నెల రోజులు చేతికి పని చెప్పకూడదని డాక్టరన్నాడు. నెల రోజులు తప్పుకుంటే ఆ చోటు మరొకరిదైపోతుందని ఈయన భయం. అలా వాయిదా వేస్తూ వేస్తూ ఏడాది గడిపేశాడు.

చిటికెన వేలికి ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? ఫౌల్ అని విజిలు ఊదాక రిఫరీ స్కోరు టేబుల్ ఎదురుగా నిలబడి, తప్పు చేసినవాళ్ళ నంబరు వేళ్ళతో చూపించాలి. రేకుల కప్పు కింద ఆరువందల మంది అరుస్తుంటే నోటిమాట నాలుగడుగులు దాటదు. పదిహేను చూపించాలంటే కుడి పిడికిలి పదికి, ఎడమచేతి అయిదు వేళ్ళూ అయిదుకి. రెండు చేతులూ గాల్లో ఉన్న ఆ క్షణంలో ముడుచుకున్న వేలిని సరిచేయడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు.

ఆ ఏడాది చివరి మ్యాచ్ అమ్మాయిలది, నీలం జట్టుకీ పసుపు జట్టుకీ. వచ్చే ఏడాది జాబితాలో ఏ రిఫరీలు ఉండాలో తేల్చే పరిశీలకుడు ఆ రోజు టేబుల్ వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టేబుల్ దగ్గర స్కోరు షీటు రాసేది లెక్కల టీచరమ్మ. బడి నుంచి రిటైరైనా ఈ షీటు నుంచి రిటైర్ కాలేదు. ఇరవై ఏళ్ళుగా ఈయన వేళ్ళు చూపించడం, ఆవిడ రాయడం. ఒక్క గీత తప్పిపోయిందన్న మాట ఇంతవరకూ లేదు.

నీలం జట్టు కెప్టెన్ పద్నాలుగో నంబరు. బేకరీలో పనిచేసే పొడుగాటి పిల్ల. జట్టు పాయింట్లలో సగం ఆమె చేతివే. చివరి భాగంలో అయిదు నిమిషాలు మిగిలేసరికి ఆమె పేరున నాలుగు ఫౌళ్ళున్నాయి. అయిదోది పడితే ఇక ఆ మ్యాచ్‌లో ఆడనివ్వరు. అప్పుడే పసుపు జట్టు అమ్మాయి బుట్టకేసి ఎగిరింది, అడ్డుకోవడానికి నీలం జట్టు నుంచి పద్నాలుగు, పదిహేను ఇద్దరూ ఎగిరారు. చెయ్యి తగిలింది పదిహేనో నంబరు పొట్టి పిల్లది. మామయ్య ఊదాడు, టేబుల్ వైపు తిరిగి పిడికిలి, వేళ్ళు చూపించాడు, రెండు ఫ్రీ త్రోలని చెప్పి, ఆయాసపడుతూ అవతలి కొసకు నడిచాడు.

వెనక హారన్ మోగింది. టేబుల్ వాళ్ళు అయిదో ఫౌల్ అని చెబితే, దగ్గర్లో ఉన్న రెండో రిఫరీ, కుర్రాడు, పద్నాలుగును బయటికి పొమ్మన్నాడు. తాను కాదని ఆ పిల్ల మొత్తుకుంది. కోచ్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అంత దూరం నుంచి మామయ్యకు కనిపించింది చేతులు ఊపుతున్న ఒక అమ్మాయి, అంతే. ఎవరినో మారుస్తున్నారు కాబోలు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏదో గొణుగుతున్నారు కాబోలు అనుకున్నాడు. అలిసిన మనిషి కళ్ళు తనకు పని తగ్గించేదే చూస్తాయి.

మూడు నిమిషాలుండగా టైమ్‌అవుట్ అయింది. తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటూ ఆయన గోడ మీద బోర్డు చూశాడు. నీలం జట్టు పదిహేనుకు ఎదురుగా రెండు ఫౌళ్ళు. ఆ పిల్లకి తనే మూడు ఊదాడు. పద్నాలుగుకు ఎదురుగా అయిదు వెలుగుతోంది. బెంచీ మీద ఆ పొడుగు పిల్ల తల మీద తువ్వాలు కప్పుకుని వంగి కూర్చుంది. అప్పుడు తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. చిటికెన వేలు ఇంకా ముడుచుకునే ఉంది.

షీటు మీద రిఫరీ సంతకం పడేదాకా ఇలాంటి లెక్క తప్పులు దిద్దుకోవచ్చని రూలు. దిద్దాలంటే ఎలా జరిగిందో చెప్పాలి, ఆ మాట పరిశీలకుడి చెవిన పడాలి. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే అడిగేవాడు లేడు. మూడే నిమిషాలు, తర్వాత ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకోవచ్చు. ఊరుకుందామనే అనిపించింది ఆయనకు. అబద్ధమెందుకు, చాలా గట్టిగానే అనిపించింది.

టేబుల్ దగ్గరికి ఎలా నడిచాడో ఆయనకే తెలియదు.

"అక్కా, ఇందాక నేను ఇచ్చింది పదిహేనుకి."

"పద్నాలుగు చూపించావు తమ్ముడూ. కళ్ళారా చూశాను."

ఆయన ఎడమచెయ్యి టేబుల్ మీద పెట్టాడు. టీచరమ్మ ఆ వేలిని చూసింది, ఆయన మొహం చూసింది. ఏడాదిగా ఆయన నంబరు చూపించే ముందు చేతులు వెనక్కి పెట్టుకోవడం ఎందుకో ఆవిడకు ఇప్పుడు తెలిసినట్టుంది. తల వంచి షీటు సర్దుతున్నట్టు నటిస్తూ గొంతు తగ్గించింది.

"నేనే తప్పు చూశానని రాసేస్తాలే. కళ్ళజోడు ఎలాగూ మార్చుకోవాలి. నువ్వేం మాట్లాడకు."

అంత మాట విన్నాక ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఏళ్ళలో ఒక్క గీత తప్పని మనిషి తన వేలి కోసం తప్పు నెత్తిన వేసుకుంటానంటోంది. ఆ ఒక్కటీ లేకపోతే ఊరుకునేవాడేమో.

"వద్దక్కా. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. నా వేలే లేవలేదు." ఈ మాట కొంచెం గట్టిగానే అన్నాడు. వెనక కుర్చీలోని పరిశీలకుడు పెన్ను మూత తీశాడు.

ఫౌల్ దిద్దారు. పద్నాలుగు తిరిగి కోర్టులోకి వచ్చింది. రాగానే గీత బయటి నుంచి విసిరి మూడు పాయింట్లు, వెంటనే లోపలికి దూసుకెళ్ళి ఇంకో రెండు వేసింది. స్టేడియం పైకప్పు ఎగిరిపోతుందనిపించింది. కానీ నిమిషన్నర తిరక్కుండానే, తప్పించుకుపోతున్న పసుపు జట్టు అమ్మాయిని ఆపబోయి ఆమె జెర్సీ పట్టి లాగింది. మామయ్య కళ్ళ ముందే, రెండడుగుల దూరంలో. చూడలేదనుకోవడానికి వీల్లేదు.

ఊదాడు. టేబుల్ ఎదురుగా నిలబడి, అందరూ చూస్తుండగా కుడిచేత్తో ఎడమ చిటికెన వేలిని పట్టి లాగి నిలబెట్టాడు. ఎక్కడో ఎవరో నవ్వారు. ఆ తర్వాత పిడికిలి, బొటనవేలు మడిచి నాలుగు వేళ్ళు. వెనక్కి తిరిగేసరికి ఆ పిల్ల అప్పటికే చెయ్యెత్తి నిలబడి ఉంది. కోచ్ లేవబోతే వద్దని సైగ చేసింది. బయటికి పోతూ ఆయన దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఇది నాదే సార్" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆడేవాళ్ళెవరూ ఆయనతో అలా అనలేదు. అయిదు అని వేళ్ళు చూపించి బెంచీ వైపు పంపించాడు. నీలం జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది.

మూడు వారాలకు కొత్త జాబితా వచ్చింది. అందులో ఆయన పేరు లేదు. పరిశీలకుడు మర్యాదస్థుడు, విడిగా ఫోన్ చేసి మరీ చెప్పాడు. వేలికి వైద్యం చేయించుకోమన్నాడు. అయితే మళ్ళీ రావడానికి వయసు ఒప్పుకోదన్నాడు.

సాయంత్రం భార్య టీ గ్లాసు ఇచ్చి పక్కన కూర్చుంది. వీధిలో పిల్లలు బంతి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"ఆ రోజు చెప్పకుండా ఉంటే ఇంకెన్నాళ్ళు ఉంచేవారండీ?" అని అడిగింది.

"రెండేళ్ళు."

"మరి ఆ పిల్ల?"

"మూడు నిమిషాలు బయట కూర్చునేది."

ఆవిడ లెక్క వేసుకున్నట్టుంది. "మూడు నిమిషాలకా, రెండేళ్ళు?"

"మూడు కూడా కాదు. ఆడింది నిమిషన్నరే" అన్నాడాయన, టీ గ్లాసు పక్కన పెడుతూ. "అవి ఆ పిల్లవి కదా."