బనియన్ జేబులో పట్టేది

మా నాయనకు పిస్తోలు లైసెన్సు వచ్చిన సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకు, అమ్మకు, నాకు. ఊళ్లో అడిగినవాళ్లందరికీ అర్జీ తిరిగొచ్చిందని చెప్పాడు. పక్కింట్లోనే ఉండే సొంత తమ్ముడికి, మా చిన్నాయనకు కూడా అదే చెప్పాడు.

నాకు తెలియడానికి కారణం నా ఇంగ్లీషు. అప్పుడు నేను సంగారెడ్డిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కలెక్టరాఫీసుకు పెట్టిన అర్జీ నేనే రాశాను. ప్రాణభయం ఉందని రాయాల్సిన చోట సరైన మాట దొరక్క నిఘంటువు తిరగేశాను. నలుగురిలో నోరు విప్పలేని నేను, కాగితం మీద మాత్రం మా నాయన చచ్చిపోవచ్చని చక్కటి దస్తూరీతో రాసిచ్చాను.

భయం అబద్ధం కాదు. పటాన్‌చెరు దాటాక రోడ్డును ఆనుకొని మాకు నాలుగెకరాల పొలం ఉండేది. పట్టా అన్నదమ్ములిద్దరి పేరు మీద ఉంది. మా పొలం వెనక ఒక కంపెనీ స్థలం కొన్నది కానీ దానికి దారి లేదు. దారి కావాలంటే మా పొలం కావాలి, పొలం కావాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఇద్దరిలో ఒక్కరు గట్టిగా ఉన్నా భూమి ఆగుతుంది. ఇద్దరూ గట్టిగానే ఉన్నారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల వల్ల బోరు నీళ్లు ఎర్రబడినా, వరి కంకులు తాలుపోయినా, సాయంత్రమైతే గాలిలో మందుల వాసన గొంతులో పట్టుకున్నా, అమ్మే మాట ఎత్తలేదు. ముందు మోటారు వైర్లు కోసేశారు. తరువాత ఒకరోజు జీపులో వచ్చిన మనిషి నాయన భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూనే అన్నాడట: "పొద్దుమీకి పొలం కాడ ఒక్కనివే తిరుగుతవట గదా పటేలా."

నాయన అన్నం ముందు కూర్చొని ఆ మాట మాకు చెప్పాడు. చిన్నాయనకు చెప్పలేదు. తమ్ముడు భయపడి సంతకం పెట్టేస్తాడేమో అన్నది ఆయన లెక్క.

విచారణకు వచ్చిన పోలీసు జమేదారు మా ఇంట్లో చాయ తాగుతూ, ఎలుకలు కొట్టడానికా పటేలా అని ఎకసెక్కం ఆడిపోయాడు. అయినా కొన్ని నెలలకు లైసెన్సు పుస్తకం వచ్చింది. కొనడానికి నాయన నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదు బస్సెక్కాడు. దుకాణంలో రాసిన ఇంగ్లీషు చదవడానికని.

ఆ దుకాణంలో ఒక ముసలాయన ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడింటిని వరుసగా పెట్టాడు. మొదటిది సర్కారు ఫ్యాక్టరీలో తయారైన రివాల్వరు, కొత్తది. తిరిగే గుండ్ల చక్రం దగ్గర ఉబ్బుగా ఉంది. రెండోది విదేశాల నుంచి ఎప్పుడో వచ్చి చేతులు మారిన పిస్తోలు. పలచగా ఉంది గాని బరువు. మూడోది అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత. నాయన గుప్పిట్లో దాదాపు కనిపించకుండా పోయింది.

నాయన రివాల్వరును ధోవతి ముడిలో దోపుకొని, పైన లాల్చీ సర్దుకొని నా వైపు తిరిగాడు.

"కనవడ్తుందా బిడ్డా?"

మనుషుల మొహం చూడలేని నాకు వాళ్ల చేతులు, చెప్పులు, బట్టల ముడతలు చూడటం బాగా అలవాటు. కనిపిస్తోందని చెప్పాను. రెండోదాన్ని లాల్చీ పక్క జేబులో వేసుకుంటే ఆ పక్క అంచు కిందికి వేలాడింది. అదీ కనిపిస్తోందన్నాను. మూడోదాన్ని లోపల బనియన్ జేబులో పెట్టుకున్నాడు. మా వైపు రైతుల బనియన్లకు ఎడమ రొమ్ము మీద జేబు ఉంటుంది, పంట డబ్బులు దాచుకోవడానికి దర్జీతో కుట్టించుకుంటారు. అందులో అది తంబాకు డబ్బీలా సర్దుకుంది.

ముసలాయన చిన్నదాని లోపాలు దాచలేదు. చేతికి పట్టు దొరకదని, నాలుగడుగుల అవతల గురి నిలవదని, దీని తూటాలు దొరకడం కష్టమని చెప్పాడు. రివాల్వరైతే మొరాయించదు, తూటాలకు పరేషాన్ లేదు. మరి ఏది తీసుకొమ్మంటారని నాయన అడిగాడు.

"పెద్దది అల్మారీల పండుకుంటది సాబ్. చిన్నది మీతోని తిరుగుతది. మీకు ఏది గావాల్నో మీరే సోచాయించున్రి."

నాయన మళ్లీ నా వైపు చూశాడు. నేను చిన్నదే అన్నాను. ఆయన నా మాట విన్నాడు, కూతురు తండ్రి ప్రాణం గురించి ఆలోచించి చెప్పిందనుకున్నాడు. నేను ఆలోచించింది కాలేజీ బస్సు గురించి. బస్టాండులో నన్ను దింపడానికి వచ్చే నాయన నడుము దగ్గర ఉబ్బును నా తోటి అమ్మాయిలు చూస్తే ఎలా అని. ఆ రాత్రి రాసుకున్న ఆ మాట నా డైరీలో ఇప్పటికీ ఉంది.

ముసలాయన చెప్పినట్టే అది ఆయనతో తిరిగింది. పొలానికి, పాలకేంద్రానికి, పెళ్లిళ్లకు. స్నానం చేసేటప్పుడు గూట్లో పెట్టేవాడు, అమ్మ ఆ గూటి వైపు చూడకుండా బిందె ముంచుకునేది. బరువుకు బనియన్ మెడ సాగిపోతుంటే జేబుకు కాన్వాసు గుడ్డ రెండు పొరలు వేసి కుట్టింది. నాయన నడక మారింది. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఛాతీకి దగ్గరగా మడిచి ఉండేది. చెయ్యి నొప్పా అని చిన్నాయన అడిగితే అవునన్నాడు. మరుసటి రోజు ఆయన ఎక్కడినుంచో తైలం సీసా తెచ్చి ఇచ్చాడు. అది మా కిటికీలో అలాగే ఉండిపోయింది, మూత తీయకుండా.

చంపడానికి ఎవరూ రాలేదు. జీపు మనిషి మళ్లీ కనిపించలేదు. దసరా వచ్చింది.

మా ఊళ్లో దసరా సాయంత్రం మగవాళ్లందరూ జమ్మి దగ్గరకు పోయి ఆకు తెచ్చుకుంటారు. దాన్నే బంగారం అంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కుతారు, తరువాత ఒకరినొకరు గట్టిగా కౌగిలించుకుంటారు. అలాయ్ బలాయ్ అంటారు దాన్ని. ఏడాదంతా మాటల్లేనివాళ్లు కూడా ఆ పూట కలుస్తారు. ఇన్ని నెలలు అన్నీ ఆలోచించిన మేము, ముగ్గురిలో ఒక్కరమూ ఈ ఒక్కటి ఆలోచించలేదు. నాయన కొత్త లాల్చీ వేసుకొని, లోపల బనియన్ జేబు ఎప్పటిలాగే నింపుకొని అరుగు మీద నిలబడ్డాడు.

వచ్చినవాళ్లతో భుజం మాత్రం కలిపి, ఒంటి నొప్పులని తప్పుకుంటున్నాడు. పటేలుకు అప్పుడే ముసలితనం వచ్చిందా అని ఎవరో నవ్వారు. అంతలో చిన్నాయన వచ్చాడు. బంగారం చేతిలో పెట్టాడు, కాళ్లు మొక్కాడు. నాయన వెనక్కి జరిగేలోపే రెండు చేతులతో చుట్టేసి ఛాతీకి ఛాతీ ఆనించాడు.

నేను గడపలో హారతి పళ్లెం పట్టుకొని ఉన్నాను. చిన్నాయన చేతులు వదులవడం చూశాను. ఒక చెయ్యి మెల్లగా ముందుకు వచ్చి లాల్చీ మీద నుంచే ఆ గట్టితనాన్ని తడిమింది. నాయన ఆ మణికట్టును ఒడిసి పట్టుకున్నాడు. ఆలోచించి చేసిన పని కాదు, ఇన్ని నెలల అలవాటు. పట్టుకున్న చెయ్యి ఎవరిదో గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది.

"ఇది ఎవల కోసమే అన్నా?" చిన్నాయన గొంతు పెంచలేదు.

నాయన చెప్పి ఉండాల్సింది. జీపు సంగతి, భుజం మీద చెయ్యి సంగతి, అన్నీ. చుట్టూ పదిమంది ఉన్నారు.

"లైసెన్సు రాలేదంటివి. మణికట్టు ఇడువు, నొస్తుంది."

నాయన విడిచాడు. చిన్నాయన మా ఇంట్లో ఎప్పుడూ తినే చోట తినకుండా వెళ్లిపోయాడు.

మరుసటి రోజు నాయన వాళ్లింటికి వెళ్లి అంతా చెప్పాడు. చిన్నాయన విన్నాడట. భయపెట్టినోన్ని దాచినవు, తుపాకి దాచినవు, ఇగ భూమిల ఏమేం దాచినవో నాకేం ఎరుక, అన్నాడట. అమ్మకు ఈ మాటలు చిన్నమ్మ చెప్పింది, ఏడుస్తూ. నెల తిరగకముందే ఆయన తన వాటా పంచి ఇమ్మని పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. రోడ్డు వైపు భాగం ఆయనకు వచ్చింది, ఆయన అమ్ముతానన్నాడు. ముందూ వెనకా కంపెనీయే అయి, రోడ్డెక్కే దారి లేని వెనక రెండెకరాలతో మేము చేసేదేమీ లేక, నాయన కూడా అమ్మడానికి ఒప్పుకున్నాడు.

రివాల్వరే కొని ఉంటే అది పండుగ పూట అల్మారాలో ఉండేది. ఈ మాట నేను నాయనకు ఎన్నడూ చెప్పలేదు. చిన్నదాన్ని ఎందుకు ఎంచానో కూడా చెప్పలేదు. ఆయన ఒకసారి అమ్మతో, బిడ్డ మంచికే చెప్పింది అనడం విన్నాను.

రిజిస్ట్రేషన్ రోజు కాగితాలు చదివిపెట్టడానికి నన్ను మళ్లీ తీసుకెళ్లారు. సంగారెడ్డి ఆఫీసు వరండాలో అన్నదమ్ములు ఒకే బెంచీ మీద కూర్చున్నారు, మధ్యలో ముగ్గురు పట్టేంత ఖాళీ వదిలి. నాయన ఆ రోజు దాన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. అయినా ఎడమ చెయ్యి మడిచే పెట్టుకున్నాడు. లోపల గుమాస్తా తలెత్తకుండా, మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని అడిగాడు.

నాయన తమ్ముడి వైపు చూశాడు, చెప్పమన్నట్టు.

"పాలోల్లం" అన్నాడు చిన్నాయన. ఆస్తిలో వాటా ఉన్న దాయాదులు ఎవరైనా అనే మాట అది. ముందే పేర్లు, తండ్రి పేరు చదివి ఉన్న గుమాస్తా ఒక క్షణం ఆగి, ఇంకేమీ అడగకుండా కాగితం నాయన ముందుకు జరిపాడు. నాయన కలం కోసం జేబులు తడుముకుంటుంటే నా కలం ఇచ్చాను.